రావద్దన్న మాట

ఫిబ్రవరి 6

మళ్ళీ రావద్దన్నాడు.

ఈసారి జీతం అడిగినందుకు. నవంబరుది రాలేదు, డిసెంబరుది రాలేదు, జనవరిది కూడా తోడయ్యాక మూడూ కలిపి ఒకేసారి అడిగాను. అడిగిన చోటే బాగాలేదేమో. పళ్ళ డాక్టరు ఒకాయన కౌంటరు దగ్గర నిలబడి తన పేషంటు కట్టుడు పళ్ళు వెలుగులో తిప్పి చూసుకుంటున్నాడు. నేను చేతులకి మైనం అంటుకుని ఉండగానే బయటికొచ్చి, "సార్, ఇల్లు గడవడం కష్టంగా ఉంది. ఇవాళైనా ఏదో ఒకటి చెప్పండి" అన్నాను. ల్యాబు ఓనరైన మా సార్, ఆ డాక్టరు వెళ్ళేదాకా పళ్ళికిలిస్తూనే ఉన్నాడు. తలుపు మూసుకోగానే, "రేపట్నుంచి రావద్దు! నీ అవసరం లేదు నాకు!" అని ల్యాబు అదిరిపోయేలా అరిచాడు.

మామూలే. మా కట్టుడు పళ్ళ ల్యాబులో ఆ మాట పడనివాళ్ళు లేరు. పళ్ళకి పాలిషు పట్టే అన్నయితే నెల తిరక్కుండా పడతాడు. మర్నాడు పొద్దున్నే సార్ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. తప్పయిపోయిందని కాదు, ఆ మాట అంటే ఆయన సొమ్మేదో పోతుంది! "ఆ కింది దవడ అచ్చు ఎక్కడ పెట్టావు?" అంటాడు. లేకపోతే "మైనం ఉందా, అయిపోయిందా?" అంటాడు. అచ్చు ఆయన కళ్ళెదుటే ఉంటుంది. అలా అడిగాడంటే రమ్మని. మనం జవాబు చెప్తాం, బస్సెక్కుతాం, వెళ్ళి మన స్టూలు మీద మనం కూర్చుంటాం. ఆ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తరు.

రేపు మాత్రం మోగగానే ఎత్తను. కాసేపు మోగనిస్తాను. తెలిసిరావాలి.

ఫిబ్రవరి 7

ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 8

రాలేదు. రాకపోతే నాకేంటి? హాయిగా ఉంది. అలమరలన్నీ దులిపాను. దులిపినవి మళ్ళీ దులిపాను. అత్తగారు తన చెల్లెలితో మాట్లాడాలి, ఫోన్ ఇవ్వమంటే చార్జింగు లేదన్నాను. నిండా ఉంది.

ఫిబ్రవరి 10

మా ఆయన వ్యాను కడుగుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "నువ్వే ఒకసారి వెళ్ళి రాకూడదూ?"

"ఫోన్ రాకుండానా?"

"ఫోనేంటి, శుభలేఖా? పని చేసే చోటికి వెళ్ళడానికి పిలుపెందుకు?"

ఈయనకేం తెలుసు. ప్లాస్టరు పోసే ఆవిడ ఒకసారి అలాగే ఫోన్ రాకముందే వచ్చేసింది. సార్ ఆవిడ మొహం చూడలేదు, పని ఇవ్వలేదు, పొద్దుగూకేదాకా గోడకి బల్లిలా నిలబెట్టాడు. పాపం ఏడ్చుకుంటూ పోయి, మర్నాడు ఫోన్ వచ్చాకే వచ్చింది. నేనలా నిలబడను. చచ్చినా నిలబడను. పిలిస్తే వెళ్తాను, లేకపోతే లేదు. పిలిచినా వెళ్ళను.

ఫిబ్రవరి 15

కూరగాయలకని వెళ్ళి ల్యాబు వీధిలోంచి వచ్చాను. అక్కడ కూరగాయలు అమ్మరు. అద్దం తలుపులోంచి చూస్తే నా స్టూలు మీద ప్లాస్టరు బస్తా కూర్చుని ఉంది. మైనం కరిగించే నా స్పిరిటు దీపం కనిపించలేదు. నన్నెవరూ చూడలేదనుకుంటాను. పాలిషన్న చూశాడేమో, తల దించుకున్నట్టు అనిపించింది.

ఫిబ్రవరి 16

వెళ్ళలేదు.

ఫిబ్రవరి 17

వెళ్ళాను. ఇంకో వీధి దాకా.

మార్చి 3

కార్మిక సంఘం ఆఫీసులో లాయరమ్మని కలిశాను. మా ఆయనే తీసుకెళ్ళాడు, వ్యానులో. నా తరఫున ట్రిబ్యునల్లో కేసు వేస్తుందట. నాకంటే చిన్నది. ముందు పళ్ళలో ఒకటి మరోదాని మీదికి ఎక్కి ఉంది. ఎవరెదుట కూర్చున్నా ముందు పళ్ళే చూస్తాను, ఏం చేయను, ఇన్నేళ్ళ అలవాటు.

"తీసేస్తున్నట్టు కాగితం ఇచ్చారా?"

"లేదండీ. నోటితోనే అన్నాడు."

"ఇంతకుముందు ఎప్పుడైనా అన్నారా?"

"బోలెడుసార్లు."

"మరి అప్పుడంతా మర్నాడు వెళ్ళారా?"

"వెళ్ళాను."

"ఈసారి ఎందుకు వెళ్ళలేదు?"

"ఫోన్ రాలేదండీ."

ఆవిడ రాయడం ఆపేసి నాకేసి చూసింది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఫోన్ సంగతంతా విడమరిచి చెప్పాను. దవడ సంగతి, మైనం సంగతి. చెబుతున్నకొద్దీ నాకే సిగ్గేసింది. ల్యాబులో ఉన్నప్పుడు ఎంత సవ్యంగా ఉండేదో, ఆ బల్ల ముందు కూర్చుని చెబుతుంటే చిన్నపిల్లల అలకలా ఉంది.

"అమ్మా, ఆయన ఏమంటాడో చెప్పనా? నేను తీసెయ్యలేదు, కోపంలో ఒక మాటన్నాను, ఆవిడే మానేసింది అంటాడు. చెప్పకుండా మానేసింది కాబట్టి బాకీలో కూడా కోత పెడతానంటాడు. వాళ్ళే తీసేశారని మనం చూపించాలి. అది తేలితేనే పరిహారమైనా, ఇంకేదైనా."

"ఇంకేదైనా అంటే?"

"కావాలంటే ఉద్యోగం మళ్ళీ ఇప్పించమని కూడా అడగొచ్చు."

"ఛీ, ఎవరిక్కావాలండీ! ఆ గుమ్మం తొక్కను నేను" అన్నాను. లాయరమ్మ రాసుకుంది. ఆ ముక్క కూడా రాయాలా?

ఏప్రిల్ 11

సార్ జవాబు వచ్చింది. లాయరమ్మ నకలు ఇచ్చింది. మా అత్తగారికి పైకి చదివి వినిపించాను. "సదరు ఉద్యోగి తనంతట తానే పని మానేసినది. 'రావద్దు' అనునది మా సంస్థలో వాడుకగా అను మాట మాత్రమే."

తనంతట తానే! పదిహేనేళ్ళు. ఎంతమంది నోళ్ళలో నా చేతి పళ్ళున్నాయి ఈ ఊళ్ళో. జ్వరమొచ్చినా వెళ్ళాను, మా నాన్న పోయిన వారానికే వెళ్ళాను. నేనేనట మానేసింది. ఒళ్ళు మండిపోయింది. కాగితం నలిపేసి, మళ్ళీ లాయరమ్మ అడుగుతుందేమోనని సాపు చేసి పెట్టాను.

అత్తగారు, "వాడి పళ్ళు రాలిపోను!" అని శాపనార్థం పెట్టింది.

"రాలితే మళ్ళీ నేనే చెయ్యాలి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ పడీపడీ నవ్వింది. ఆవిడ నోట్లో ఉన్నవీ నేను చేసినవే. నవ్వితే ఎంత చక్కగా కూర్చున్నాయో. చూస్తూ చూస్తూ నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నవ్వు ఆపి, "ఏడవకే అమ్మాయ్, వాడికా భాగ్యం ఇవ్వకు" అంది.

ఏప్రిల్ 12

తనంతట తానే. తనంతట తానే. అన్నం వారుస్తూ కూడా అదే.

మే 9

ఇంకో ల్యాబుకి వెళ్ళాను. ఓనర్లిద్దరూ పని చూపించమన్నారు. మైనంలో పై వరస ముందు పళ్ళు ఆరూ అమర్చి చూపించాను. బాగుందన్నారు. పాత చోట ఎందుకు మానేశారని అడిగారు. "నేను మానలేదండీ" అన్నాను, కాస్త గట్టిగానే. ఇద్దరూ మొహాలు చూసుకుని, "ఫోన్ చేస్తాం" అన్నారు.

ఇంకో ఫోన్!

మే 25

ఎవరూ చెయ్యలేదు.

మా ఆయన రెండో ట్రిప్పు కూడా ఒప్పుకుంటున్నాడు. నిన్న కంచం ముందే కునుకుపాట్లు పడ్డాడు. నన్ను పల్లెత్తు మాట అనడు. అంటే బాగుండు, ఎదురు మాటైనా అనేదాన్ని. ఇల్లంతా కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నానని అత్తగారు దెప్పింది. తిరగక ఏం చెయ్యను, కూర్చుంటే చేతులు ఊరుకోవు. కొవ్వొత్తి ముక్క ఒకటి కనిపిస్తే దీపం మీద వెచ్చబెట్టి చిన్న దంతం చెక్కాను. కోర పన్ను. బాగా వచ్చింది. పారేశాను.

జూన్ 14

పాలిషన్న బస్టాపులో దొరికాడు. కనిపించగానే వెనక్కి తిరగబోయాడు, పేరు పెట్టి పిలిచేసరికి ఆగాడు. గోళ్ళ సందున తెల్లటి పొడి అలాగే ఉంది.

"అన్నా, నువ్వొచ్చి ఉన్నమాట చెప్పు చాలు. ఫోన్ వస్తేనే వెళ్తామని చెప్పు."

"చెల్లెమ్మా, నా మాట విని నన్నిందులోకి లాగకు."

"నిన్ను అబద్ధం చెప్పమన్నానా?"

"నాకూ జీతం బాకీ ఉంది. నీ సంగతి చూశాక అడగడం కూడా మానేశాను." చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నన్ను సార్ తన సాక్షిగా రమ్మన్నాడు."

బస్టాపులో అందరూ చూస్తుండగా నానా మాటలూ అన్నాను. విశ్వాసం లేదన్నాను, వెన్నెముక లేదన్నాను. ఆయన వాళ్ళావిడ జబ్బుతో ఉందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అన్నీ విని, బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయాడు. అది ఆయన ఎక్కాల్సిన బస్సు కాదు.

జులై 18

పొద్దున్న ఫోన్ మోగింది. సార్.

వచ్చే వారమే ట్రిబ్యునల్లో విచారణ. ఎత్తకూడదు. లాయరమ్మని అడక్కుండా అసలు ఎత్తకూడదు. మొదటిసారి మోగగానే ఎత్తాను.

"ఆ పెద్దాయన కింది దవడ అచ్చు ఎక్కడ పెట్టావు?"

ఏ పెద్దాయన? ఫిబ్రవరిలో చేసిన అచ్చు జులైలో ఎక్కడుంటుంది? అయినా నా నోరు దానంతటది చెప్పేసింది: "రెండో అలమరలో, కిటికీ వైపు, సార్."

"ఊఁ. సరే" అని పెట్టేశాడు.

ఎంత పొగరు! ఇన్ని నెలలయ్యాక ఇప్పుడా? కేసు నెత్తిమీదికొచ్చాక పెద్దాయన గుర్తొచ్చాడా? ఇవాళ నేనెక్కడికీ వెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాను.

జులై 20

మొన్న రాసింది అబద్ధం. వెళ్ళాను.

ఎవరు చదువుతారని అబద్ధం రాశానో నాకే తెలియదు. ఫోన్ పెట్టెయ్యగానే తల దువ్వుకున్నాను, ఉతికిన చీర కట్టుకున్నాను. అత్తగారు, "ఎక్కడికే?" అంటే, "లాయరు దగ్గరికి" అన్నాను. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. సంతోషంగా ఉంది నాకు. అదీ రాసేస్తాను, పీడా పోతుంది. పెళ్ళికి వెళ్తున్నంత సంతోషంగా ఉంది.

పాలిషన్న నన్ను చూసి మోటారు ఆపేశాడు. ప్లాస్టరు బస్తా తీసేసి స్టూలు తుడిచి పెట్టారు. స్పిరిటు దీపం కూడా ఉంది. దాని ముందు ఎవరో సగం అమర్చిన పళ్ళ సెట్టు ఉంది. ఎంత ఘోరంగా ఉందంటే, ఒక్కో పన్నూ ఒక్కో దిక్కు చూస్తోంది. సార్ తన గదిలోంచి రాలేదు. నేను కూర్చుని, కత్తి వెచ్చబెట్టి, ముందు పళ్ళు సరిచేశాను. నన్నెవరూ చెయ్యమనలేదు. చేతులు ఆగలేదు, అంతే. పదిహేనేళ్ళు అక్కడే ఉన్నట్టు, మధ్యలో ఏమీ జరగనట్టు అనిపించింది.

అప్పుడొచ్చాడు, కాగితం పట్టుకుని. "ఇక్కడొక సంతకం పెట్టి పని చేసుకో" అన్నాడు, వేరే ఎటో చూస్తూ.

చదివాను. నా అంతట నేనే రావడం మానేశానట. నాకు రావాల్సింది ఏమీ లేదట. మళ్ళీ చేర్చుకోమని వేడుకుంటున్నానట.

"ఇదేంటి సార్?"

"ఏముంది, మామూలే. మన మధ్య కోర్టులేంటి చెప్పు? లాయరు అడిగాడని రాయించాను."

కలం చేతిలోకి తీసుకున్నాను. అవును, తీసుకున్నాను. 'నా అంతట నేనే' దగ్గర చూపు ఆగిపోయింది, ఇక ముందుకి పోలేదు. ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చున్న పొద్దులన్నీ గుర్తొచ్చాయి. కలం బల్ల మీద పెట్టి, దీపం ఆర్పి, వచ్చేశాను. సార్ ఏదో అన్నాడు. వినలేదు. వచ్చేముందు ఆ పళ్ళ సెట్టు మళ్ళీ చెడగొట్టి రావాల్సింది. తోచలేదు.

లాయరమ్మకి చెప్పాను. తిట్టింది. తిట్టాల్సిందే. తర్వాత నీళ్ళిచ్చి, "సంతకం పెట్టలేదు కదా? నిజంగా?" అని మళ్ళీ అడిగింది.

జులై 25

రేపే. చీర ఇస్త్రీ చేసుకున్నాను. మా ఆయన సెలవు పెట్టాడు. "ఏం పరవాలేదు" అని ఆయన, "ఏం పరవాలేదు" అని నేను. ఎవరికి చెప్పుకుంటున్నామో.

జులై 26

అంతా రాయాలి. వరసగా రాయాలి.

చిన్న గది, పొడుగు బల్ల. జడ్జిగారు నల్లకోటు వేసుకుని ఉంటారనుకున్నాను. మామూలు చొక్కాలో ఉన్నారు. సార్ నా ఎదుటే కూర్చున్నాడు. చిక్కాడు. జాలేసింది, వెంటనే నామీద నాకే కోపమొచ్చింది.

ముందు పాలిషన్నని అడిగారు. సార్ తరఫు లాయరు, "రావద్దు అనడం మీ ల్యాబులో మామూలేనా?" అన్నాడు.

"మామూలేనండి. నన్నూ బోలెడుసార్లు అన్నారు."

"మిమ్మల్ని తీసేసినట్టా?"

"కాదండి."

అంతే, అయిపోయిందనుకున్నాను. లాయరమ్మ లేవబోతే జడ్జిగారు చెయ్యెత్తి ఆపి, తనే అడిగారు. "రావద్దన్నాక, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో మీకెలా తెలుస్తుంది?"

"ఫోన్ వస్తుందండి."

"రాకపోతే?"

పాలిషన్న సార్ వంక చూడలేదు, నా వంకా చూడలేదు, తన గోళ్ళు చూసుకున్నాడు. "రాకపోవడం ఎప్పుడూ లేదండి. ఈ చెల్లెమ్మకే రాలేదు."

అన్నాడు! ఆ గదిలో, సార్ పక్కనే కూర్చుని అన్నాడు. బస్టాపులో నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

అప్పటికి సార్ ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఊరుకునే మనిషా! లేచి నిలబడ్డాడు. "ఎందుకు చెయ్యలేదండీ? జులైలో చేశాను. కావాలంటే ఫోన్ చూడండి. నేను ఫోన్ చెయ్యగానే పరిగెత్తుకుంటూ వచ్చింది. వీళ్ళందరూ అంతే, నేను ఫోన్ చేస్తేనే వస్తారు, చెయ్యందే ఒక్కళ్ళు గుమ్మం ఎక్కరు!"

ఆయన లాయరు ఆయన్ని చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. ఆలస్యమైపోయింది.

"అంటే మీరు ఫోన్ చేసేదాకా రాకూడదన్నమాట" అన్నారు జడ్జిగారు, రాసుకుంటూ. "ఫిబ్రవరిలో రావద్దన్నారు. జులై దాకా ఫోన్ చెయ్యలేదు."

లాయరమ్మ బల్ల కింద నా చెయ్యి నొక్కింది.

కాగితాలు అటూ ఇటూ తిప్పాక జడ్జిగారు చెప్పారు. నన్ను తీసేసినట్టేనట. జీతం బాకీ ఎలాగూ ఇవ్వాల్సిందేనట. "ఇక మిగిలింది ఒక్కటమ్మా. ఉద్యోగం మళ్ళీ కావాలా? లేక పరిహారం తీసుకుని వెళ్ళిపోతారా?"

లాయరమ్మ అప్పటికే "పరిహారం" అనబోతోంది.

"ఉద్యోగం కావాలండీ" అన్నాను.

లాయరమ్మ నా కాలు తొక్కింది. మా ఆయన వెనక కుర్చీలో దగ్గాడు. సార్ తలెత్తి చూశాడు, మొదటిసారి. జడ్జిగారు ఆయనవైపు తిరిగి, "మీకేమైనా అభ్యంతరమా?" అన్నారు.

"నాకేం అభ్యంతరం లేదు సార్. పని బాగా చేస్తుంది. రేపట్నుంచే రమ్మనండి."

"నన్ను రమ్మని నాతో అనమనండి" అన్నాను.

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. ముందు అనుకోలేదు, ఎప్పుడూ అనుకోలేదు. జడ్జిగారు చిన్నగా నవ్వి, "అనండి. ఒక్క మాటేగా" అన్నారు.

సార్ నా వంక చూశాడు. పెదవులు విడ్డాయి. మూసుకున్నాయి. ఆయన లాయరు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. సార్ మొహం ఎర్రబడింది, నుదురు తుడుచుకున్నాడు. మళ్ళీ నోరు తెరిచాడు. నేను ముందుకి వంగాను, బల్ల అంచు పట్టుకుని. అను. అనవయ్యా. నాకు వినపడితే చాలు, వేరే ఎవరికీ వినపడక్కర్లేదు. ఆయన బల్ల వంక చూస్తూ, "అదే... చెప్పానుగా సార్, అభ్యంతరం లేదని" అన్నాడు, జడ్జిగారితో.

"అయితే డబ్బే ఇప్పించండి" అన్నాను.

సంతకాలయ్యాయి. బయటికొచ్చాక లాయరమ్మ నన్ను కావిలించుకుని, "భలే బుద్ధి చెప్పారండీ ఆయనకి!" అంది. మా ఆయన టీ తెచ్చి ఇచ్చాడు. పాలిషన్న దూరం నుంచే చేతులు జోడించాడు, నేనే వెళ్ళి ఆ చేతులు పట్టుకున్నాను. ఇంటికొస్తే అత్తగారు వీధిలో అందరికీ చెబుతోంది, కోడలు గెలిచిందని. నేనూ నవ్వాను. గెలిచాను కదా.

బుద్ధి చెప్పడానికి కాదు నేనడిగింది. ఆయన ఒక్కసారి, నా మొహం చూసి, రా అని ఉంటే, ఆ మూడు నెలల జీతం కూడా ఆ బల్ల మీదే వదిలేసి మళ్ళీ ల్యాబుకి వెళ్ళిపోయేదాన్ని. ఈ సంగతి లాయరమ్మకి చెప్పలేదు.